వెయ్యి లింగాల వాగు, అత్తయ్య బూట్లు

కంబోడియా వెళ్ళొచ్చానని తెలియగానే మెల్‌బోర్న్ శివార్లలోని క్లైడ్ నార్త్‌లో మా వీధి వాళ్ళందరూ అడిగింది ఒకటే: అంగ్‌కోర్ వాట్‌లో సూర్యోదయం చూశారా?

చూడలేదు. ఆ గోపురాల వెనక సూర్యుడు రావడం, ఆ నీడ ముందున్న కొలనులో పడడం లోకంలో అందరి ఫోన్లలోనూ ఉంది, నా ఫోన్లో తప్ప. నా ఫోన్లో ఉన్నవి మా అత్తయ్య బూట్లు. గుడి మెట్ల పక్కన బూట్లు, విరిగిన సింహం కాళ్ళ దగ్గర బూట్లు, చెట్టు మొదట్లో బూట్లు. ఎక్కడ విప్పారో మర్చిపోకుండా నేనే తీసుకున్న ఫొటోలవి.

అసలు సంగతి మొదటి నుంచీ చెప్పాలి. రెండేళ్ళ క్రితం నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. నేను ఆపరేషన్ థియేటర్లో ఉన్నప్పుడు మా అత్తయ్య అనసూయమ్మ గారు హాస్పిటల్ కార్ పార్కులో, మా కారు వెనక సీట్లో కూర్చుని శివుడికి మొక్కారట, కోడలు లేచి ఇంటికొస్తే వెయ్యి లింగాలకు దాని చేత అభిషేకం చేయిస్తానని. గమనించండి, ఆవిడ చేస్తానని కాదు, నా చేత చేయిస్తానని. మొక్కింది ఆవిడ, నీళ్ళు పోయాల్సింది నేను.

ఆ సంగతి నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. తిరుపతికి మొక్కి ఉంటే సరిపోయేది కదా అత్తయ్యా, జుట్టు ఎలాగూ ముందే సమర్పించుకున్నాను అన్నాను. ఆవిడ నవ్వలేదు.

అత్తయ్యది తెనాలి. మామయ్య పోయాక మాతోనే ఉంటున్నారు. క్లైడ్ నార్త్‌లో కొత్త ఇళ్ళు, రౌండబౌట్లు కావలసినన్ని ఉన్నాయి గాని వెయ్యి లింగాలు ఎక్కడ దొరుకుతాయి? పుట్టమన్ను తెచ్చి చేద్దామంటే ఇక్కడ పుట్టమన్ను లేదు. ఆ మొక్కు అలాగే చల్లబడుతుందని నేను ధైర్యంగా ఉన్నాను. ఇంతలో ఎవరో పక్క పేట క్రాన్‌బర్న్ ఆంటీ ఒక వీడియో పంపించింది. కంబోడియాలో కులెన్ అనే కొండ మీద ఒక వాగు, ఆ వాగు అడుగున రాతిలో చెక్కిన వెయ్యి లింగాలు, వాటి మీదుగా నీళ్ళు. ఇక మా ఇంట్లో మనశ్శాంతి పోయింది.

కార్తీక మాసం వచ్చింది. మా వాడికి ఇయర్ ట్వెల్వ్, అంటే మన ఇంటర్, పరీక్షలు నడుస్తున్నాయి. మా ఆయన రవి వాడి దగ్గర ఉండాలి. నాకేమో ఏటా చేసే స్కాన్ వచ్చే వారానికి పడింది. ఎటు చూసినా ఇది ప్రయాణం పెట్టుకునే వేళ కాదు. కానీ అత్తయ్య పట్టు వేరు.

"మొక్కు మెడ మీద పెట్టుకుని స్కాన్‌కి ఎట్టా వెళ్తావే? ముందు అది తీర్చుకుని రావాలి" అన్నారు.

మూడు రోజుల గైడెడ్ టూర్ ఒకటి దొరికింది. గుళ్ళు, కొండ, జలపాతం, చివరి రోజు సూర్యోదయం. ఆ సూర్యోదయం చూసే నేను ఒప్పుకున్నాను. కీమో రోజుల్లో నిద్ర పట్టక ఫోనులో ఆ బొమ్మ ఎన్నిసార్లు చూశానో. ఆవిడ మొక్కు ఆవిడది, నా సూర్యుడు నాకు, ఇద్దరికీ లాభమే అనుకున్నాను. మావాడు పుస్తకంలోంచి తలెత్తకుండానే "హ్యావ్ ఫన్, నానమ్మా. డోంట్ ఫాల్ ఇన్" అని మమ్మల్ని సాగనంపాడు.

ఎయిర్‌పోర్టు

అభిషేకానికి కాశీ చెంబు తెచ్చారు అత్తయ్య. రాగిది, మూత అతికేసి ఉంటుంది, లోపల గంగ. పెద్ద పెట్టెలో పెట్టమని వారం నుంచీ చెబుతున్నాను. పెట్టెలో చెప్పులున్నాయట, చెప్పులతో గంగను ఎలా పెడతారు? పెట్టెలోంచి చెప్పులు తీసేద్దామంటే అందులో నా లోబట్టలున్నాయట. చివరికి చెంబు ఆవిడ చేతిసంచీలో, ఒళ్ళో కూర్చుంది.

సెక్యూరిటీ దగ్గర ఉన్నది ఒక పంజాబీ కుర్రాడు. అతనికి చెంబంటే ఏమిటో మనం చెప్పనక్కర్లేదు, అదే ఎక్కువ బాధ. మూత అతికేసిన పాత్రలో ఏముందో తెలియకుండా పంపలేమన్నాడు. మూత ఊడదీయడానికి అత్తయ్య ఒప్పుకోలేదు. వెనక క్యూ మెలికలు తిరిగిపోతోంది, జనం ఊపిరి వదులుతున్న చప్పుడు నా మెడకు తగులుతోంది. ఆ కుర్రాడు రెండు చేతులతో చెంబు అందుకుని, కళ్ళకద్దుకుని, చెత్త డబ్బాలో కాకుండా పక్కనున్న బల్ల మీద పెట్టాడు. అత్తయ్య సింగపూర్ దాకా మాట్లాడలేదు. నాకు అది కాస్త విశ్రాంతిగానే ఉంది.

సియాం రీప్

దిగిన చోటు పేరు సియాం రీప్. ఊరు చూస్తే మన తెనాలిలో మోటారు సైకిళ్ళకు ట్రైలర్లు తగిలించి వదిలినట్టుంది. తుక్‌తుక్ అంటారు వాటిని. అన్నిటికీ అమెరికా డాలర్లే. కొబ్బరి బోండాం ఒక డాలరు. క్లైడ్ నార్త్ ఇండియన్ స్టోర్‌లో ఆ బోండాం ధరతో ఇక్కడ నలుగురు తాగొచ్చు. అత్తయ్య మొదటి గంటలోనే రెండు తాగి, లేత కొబ్బరి గీకించుకుని తిని, ఈ దేశం మంచిదని తేల్చేశారు.

మా వ్యానులో మాతో పాటు ఒక జంట ఉంది. డార్విన్ నుంచి వచ్చిన గ్యారీ, లిన్. ఇద్దరికీ అరవై దాటాయి. డార్విన్‌లో వానలకు ముందుండే ఉక్క భరించలేక పారిపోయి వచ్చారట, వచ్చి పడింది ఇంకో ఉక్కలో. గ్యారీ అన్నిటికీ "నో వర్రీస్" అంటాడు. అలాంటి మనిషి పక్కన ఉంటే నాలాంటి వాళ్ళకు ఇంకా చిరాకు పెరుగుతుంది.

మా గైడు పేరు సొఫాల్. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడతాడు. అత్తయ్యను మొదటి చూపులోనే "మదర్" అని పిలిచాడు. ఆ పిలుపుకు ఆవిడ కరిగిపోయారు. అతనికి తర్వాత ఏం జరగబోతోందో అప్పటికి తెలియదు.

అంగ్‌కోర్ వాట్: ఎటు తిరగాలి

ఇక బూట్ల సంగతి. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. క్రాన్‌బర్న్‌లో పోడియాట్రిస్ట్, అంటే పాదాల డాక్టరు, కొలతలు తీసి, లోపల వేరే అట్టలు పెట్టి ఇచ్చిన బూట్లు అవి. పొడుగు లేసులు. విప్పడానికి నేను వంగాలి, కట్టడానికి నేను మోకాళ్ళ మీద కూర్చోవాలి. అవి లేకుండా ఎక్కువ దూరం నడవకూడదు.

అంగ్‌కోర్ వాట్ మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయి కాళ్ళు చాచారు, లేసులు విప్పమని. లోపల దేవుడు లేడత్తయ్యా, అందరూ బూట్లతోనే వెళ్తున్నారు చూడండి, అన్నాను. ఒకప్పుడు విష్ణువు ఉన్నాడు కదా అన్నారు. సొఫాల్ మర్యాదగా, పాత గుళ్ళలో బూట్లు తప్పు కాదని, నేలంతా రాళ్ళని చెప్పాడు. ఆవిడ అతని వైపు చూసి నవ్వి, కాలు ఇంకాస్త ముందుకు చాచారు. పోనీ బూట్లు సంచీలో పెట్టుకుని వెళ్దామన్నాను. గుళ్ళోకి చెప్పులు మోసుకుపోవడం తొడుక్కుని పోవడం కంటే పెద్ద పాపమట. బూట్లు బయట, మేం లోపల. ఆవిడ వట్టి కాళ్ళతో నడుస్తుంటే నేను బూట్లతో ఎలా నడుస్తాను? నావీ విప్పాను. ఆ ఎండలో ఆ రాయి మీద నడవడమంటే అట్ల పెనం మీద నడవడమే.

లోపలికి వెళ్ళాక అసలు గొడవ మొదలైంది. గోడల పొడవునా పురాణ కథలు చెక్కారు. సొఫాల్ మమ్మల్ని కుడి వైపు తిప్పాడు. అంటే గుడి మన ఎడమ చేతికి వస్తుంది. అత్తయ్య అడుగు తీసి అడుగు వేయలేదు. ప్రదక్షిణం అంటే దేవుడు కుడి చేతికి ఉండాలి, ఇటు తిరగాలి, అని ఎడమ వైపు చెయ్యి చూపించారు. కథ ఇటు నుంచే మొదలవుతుందని సొఫాల్ వివరించాడు. ఈ గుడి పడమటి ముఖంగా ఉంటుందని, రాజు తన మరణానంతరం కోసం కట్టించుకున్నాడని కొందరు అంటారని, అందుకే ఈ తిరుగుడు వేరని కూడా చెప్పాడు. అది చెప్పకుండా ఉండాల్సింది. నేను దాన్ని తెలుగులో చెప్పకుండా ఉండాల్సింది.

"చావు తిరుగుడా? నా కోడలు ఆ తిరుగుడు తిరగదు. నువ్వు నాతో రా" అని నా మణికట్టు పట్టుకున్నారు.

అలా గ్యారీ, లిన్, సొఫాల్ ఒక వైపు, మేమిద్దరం ఇంకో వైపు. ప్రపంచంలోని పర్యాటకులంతా మాకు ఎదురొస్తున్నారు. ప్రతి గుంపూ మమ్మల్ని తప్పించుకుని వెళ్తోంది, గొడుగులు మొహానికి తగులుతున్నాయి. రావణుడు చచ్చాక లంక మీద యుద్ధం చూశాను, భీష్ముడు అంపశయ్య మీద పడ్డాక కౌరవ సైన్యం బయలుదేరడం చూశాను. పాలసముద్రం చిలికే చోట మాత్రం అత్తయ్య చాలాసేపు నిలబడ్డారు. దేవతలు, రాక్షసులు వరసగా పాము పట్టుకుని లాగుతున్నారు. అమృతం ఎక్కడుందని అడిగారు. కనిపించలేదన్నాను. ఇంకా రాలేదేమో అన్నారు.

బయటికొచ్చే సరికి మా వాళ్ళు అందరూ నీడలో కూర్చుని బోండాలు తాగేసి ఉన్నారు. గ్యారీ నో వర్రీస్ అన్నాడు.

తాటి బెల్లం దగ్గర ఆలస్యం

రెండో రోజే అసలు రోజు. పొద్దున బాంటే స్రే అనే గుడి, అక్కడి నుంచి కులెన్ కొండ, వెయ్యి లింగాలు, జలపాతం. సొఫాల్ బయలుదేరేటప్పుడే హెచ్చరించాడు. కొండ దారి ఇరుకు. పొద్దున ఒక టైము దాకా కార్లను పైకి మాత్రమే వదులుతారు, మధ్యాహ్నం నుంచి కిందికి మాత్రమే. ఎక్కే వేళ దాటితే ఇక ఎవరు చెప్పినా గేటు తీయరు. ఈ మాట నేను అత్తయ్యకు రెండుసార్లు చెప్పాను. ఆవిడ రెండుసార్లూ సరేనన్నారు.

దారి పొడవునా తాటిచెట్లు. రోడ్డు పక్కన ఆడవాళ్ళు పెద్ద మూకుళ్ళలో తాటినీరా కాస్తున్నారు. వాసన వ్యానులోకి కొట్టగానే అత్తయ్య ఆపమన్నారు. అక్కడున్న ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు ఖ్మేర్ రాదు, అయినా ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు. పాకం ఎప్పుడు దించాలో, తెడ్డు ఎలా తిప్పాలో చేతులతోనే చెప్పుకున్నారు. బెల్లం బిళ్ళలు తాటాకులో చుట్టి ఇస్తారు, చుట్ట ఒక డాలరు. ముంజలు కూడా ఉన్నాయి. లిన్‌కి ముంజె ఎలా తినాలో నేర్పించారు, ఆవిడ చొక్కా నిండా నీళ్ళు కారాయి. అందరూ ఆనందంగా ఉన్నారు. నేనొక్కదాన్నే గడియారం చూసుకుంటూ, బెల్లం కూడా చేదుగా నములుతూ నిలబడ్డాను.

బాంటే స్రేలో బూట్లు పోయాయి

చిన్న గుడి. ఎర్రటి రాయి, చెక్కతో చేశారా అన్నంత సన్నటి పని. శివుడి గుడి కాబట్టి అత్తయ్యకు ఇక పగ్గాల్లేవు. గుమ్మం బయట బూట్లు విప్పించుకున్నారు. ఒక్క ప్రదక్షిణం అన్నాను. శివుడికి ఒక్కటి ఎవరు చేస్తారే అన్నారు. తాళ్ళు కట్టి లోపలికి పోనివ్వని చోటు చుట్టూ తిరిగి తిరిగి చేశారు. ఒక గోడ పైన రావణుడు కైలాసాన్ని ఎత్తుతున్న శిల్పం ఉంది. దాని కింద నిలబడి, నన్ను అనువదించమని, లిన్‌కి కథంతా చెప్పారు. శివుడు కాలి బొటనవేలితో నొక్కితే రావణుడు కింద నలిగిపోయిన చోటుకు వచ్చేసరికి నా పరిస్థితి కూడా అదే.

బయటికొస్తే బూట్లు లేవు.

ఫొటో ఉంది. రాయి ఉంది. రాయి పక్కన బూట్లు లేవు. గుడి దగ్గర బూట్లు దొంగిలించే అలవాటు మన దేశంలో ఉంది కాబట్టి అత్తయ్య పెద్దగా కంగారు పడలేదు, పాపం ఎవరికో అవసరమై ఉంటుందన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బూట్లు లేకపోతే ఆవిడ రేపు లేవలేరు. సొఫాల్ కాపలా వాళ్ళను అడిగాడు, వాళ్ళు ఇంకెవరినో అడిగారు. ఈ దేశంలో పాడుబడిన గుడి ముందు ఎవరూ బూట్లు విప్పరు. కాబట్టి ఖాళీ బూట్లు కనిపిస్తే ఎవరో మర్చిపోయారని వాళ్ళు అనుకున్నారు. ఊడ్చే అమ్మాయి వాటిని జాగ్రత్తగా తీసుకెళ్ళి, వచ్చే దారిలో ఎక్కడో దూరాన ఉన్న ఆఫీసు గదిలో, మర్చిపోయిన టోపీల పక్కన పెట్టింది. అది తెలుసుకునేసరికి, వెళ్ళి తెచ్చేసరికి, మోకాళ్ళ మీద కూర్చుని నేను లేసులు కట్టేసరికి కాలం ఎవరి కోసం ఆగుతుంది?

కొండ కింద గేటు దగ్గరికి చేరాం. అడ్డకర్ర దించేసి ఉంది. సొఫాల్ దిగి వెళ్ళి మాట్లాడాడు, చేతులు జోడించాడు. కాపలా మనిషి కూడా చేతులు జోడించి, కాదన్నాడు. మా కళ్ళ ముందే పైనుంచి మొదటి కారు దిగి వచ్చింది. దాని అద్దాల్లో తడి తలలతో పిల్లలు.

వ్యాను ఎక్కి కూర్చున్నాం. గ్యారీ కూడా నో వర్రీస్ అనలేదు. నేను మాత్రం ఆగలేకపోయాను. పరీక్షలు రాస్తున్న కొడుకును వదిలి, మిగిలిన లీవంతా ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చింది రాళ్ళ చుట్టూ చెప్పుల్లేకుండా తిరగడానికా అని మొదలుపెట్టి, రెండు రోజుల నుంచీ మింగినదంతా కక్కేశాను.

"ఈ మొక్కు నేను అడిగానా అత్తయ్యా? నన్ను అడిగి మొక్కారా?" అన్నాను చివరికి.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు. "నువ్వు అడగలేదు. నిన్ను ఇమ్మని నేను అడిగాను, ఆయన్ని."



హోటల్లో కందిపొడి

రాత్రి భోజనం చేపల వాసన లేకుండా దొరకడం ఈ దేశంలో కష్టం. కూరగాయల కూర అని తెచ్చినా అందులో ఏదో ఒక చేప సారం ఉంటుంది. శాకాహారులు గుర్తు పెట్టుకోండి, అన్నం మాత్రం అడిగి తెప్పించుకోండి. మా దగ్గర కందిపొడి ఉంది. మంచాల మధ్య స్టూలు మీద పళ్ళాలు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నాం.

సొఫాల్ ఫోను చేశాడు. మర్నాడు సూర్యోదయం, తర్వాత ఖాళీ, సాయంత్రం మా విమానం. కావాలంటే తెల్లవారుజామునే కొండకు బయలుదేరవచ్చు. మరి సూర్యోదయం చూసుకుని వెళ్ళలేమా అని అడిగాను. రేపు వీళ్ళకు సెలవు రోజు, ఊరి జనమంతా కొండకే వస్తారు, గేటు దగ్గర పొద్దున్నే వరసలు కడతారు. కాస్త ఆగి, "మదర్‌తో అయితే రిస్క్ వద్దు మేడమ్" అన్నాడు. అతను మర్యాదస్తుడు కాబట్టి బూట్ల పేరు ఎత్తలేదు.

అత్తయ్యకు సంగతి అర్థమైంది. నువ్వు సూర్యుణ్ణి చూసుకుని రా, నేను అతనితో వెళ్ళొస్తాను అన్నారు. నా చేత్తో పోయించాల్సిన నీళ్ళు ఆవిడ ఒక్కరే వెళ్ళి ఏం చేస్తారు? త్యాగం చేసేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది, మనకు కోప్పడే అవకాశం కూడా ఉంచరు. కొండకే వెళ్దామని సొఫాల్‌కి చెప్పి, మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాను. ఏడ్చానని రాయడానికి సిగ్గెందుకు, ఏడ్చాను. సూర్యుడి కోసం కొంచెం. స్కాన్ కోసం ఎక్కువ.

కులెన్ కొండ

గ్యారీ, లిన్ కూడా మాతోనే వచ్చారు. వాళ్ళు మాకంటే ముందు రోజు దిగి సూర్యోదయం చూసేశారు, మబ్బు తప్ప ఏమీ కనిపించలేదట. ఆ మాట వినగానే ప్రయాణం మొత్తం మీద నాకు మొదటిసారి హాయిగా అనిపించింది.

ఈసారి గేటు తీసే ఉంది. అడవి మధ్య నుంచి మెలికలు తిరిగే ఎర్రమట్టి దారి, పక్కన ఎర్ర అరటిగెలలు వేలాడదీసిన పాకలు. అచ్చం మన ఎర్ర చక్కెరకేళి. అత్తయ్య వ్యాను ఆపమంటారేమోనని బిగుసుకుని కూర్చున్నాను. ఆవిడ అరటిపళ్ళ వైపు చూశారు, నా వైపు చూశారు, వ్యాను ఆపమనలేదు.

వాగు అంత పెద్దదేమీ కాదు. చెట్ల నీడలో, చీలమండలు మునిగేంత లోతులో పారుతోంది. నీళ్ళ అడుగున రాతి మీద గుండ్రటి బొడిపెలు, వరసలు వరసలుగా. పెద్ద పెద్ద లింగాలు ఊహించుకుని వెళ్తే నిరాశే. ఇడ్లీ రేకులు బోర్లించి పరిచినట్టు ఉన్నాయి. కానీ ఎన్నని! నీళ్ళు కదులుతుంటే అవీ కదులుతున్నట్టు కనిపించాయి. ఈ నీళ్ళు వీటి మీదుగా పారి పవిత్రమై కింద పొలాలకు, ఊళ్ళకు వెళ్ళాలనే ఇక్కడ చెక్కారని సొఫాల్ చెప్పాడు. అత్తయ్య చెంపలు వేసుకున్నారు. నేను వంగి బూట్లు విప్పాను, ఈసారి ఆవిడ కాలు చాచకముందే.

ఇప్పుడు పోయడమెలా? వాగులో దిగితే లింగాల మీద కాలు పడుతుంది. గంగ మెల్‌బోర్న్‌లో బల్ల మీద ఉండిపోయింది. నా మంచినీళ్ళ సీసా తీశాను. ఎంగిలి సీసా అన్నారు. కడుగుతానన్నాను. ప్లాస్టిక్ అన్నారు. నా ఓర్పు మళ్ళీ అంచుకు వచ్చింది.

ఒడ్డున చెక్కల వంతెన మొదట్లో ఒక ముసలావిడ చాప వేసుకుని కూర్చుంది. తెల్లబట్టలు, పూర్తిగా గీసిన గుండు. గుళ్ళలో ఉండే సన్యాసిని అని సొఫాల్ చెప్పాడు. పక్కన వాగు నీళ్ళతో నింపిన బకెట్, చేతిలో వెండిరంగు గిన్నె. వచ్చిన వాళ్ళకు చేతుల మీద, మొహం మీద చల్లుతోంది. ఇక్కడి వాళ్ళు ఈ నీళ్ళు ఒంటికి మంచివని నమ్ముతారు. అత్తయ్య నేరుగా వెళ్ళి ఆ గిన్నె కావాలని సైగ చేశారు.

ముసలావిడ గిన్నె ఇవ్వలేదు. నా వైపు చూసింది. కీమో తర్వాత నా జుట్టు ఇంకా చెవుల దాకానే వచ్చింది, రింగులు తిరిగి. ఆవిడ చెయ్యి చాచి నా జుట్టు ముట్టుకుంది, తర్వాత తన గుండు ముట్టుకుని ఏదో అడిగింది. నువ్వు కూడా మొక్కుకుని తీయించావా అని అడుగుతోంది, అన్నాడు సొఫాల్.

నేను ఏం చెప్పాలా అని చూస్తుండగానే అత్తయ్య తెలుగులోనే చెప్పేశారు. "నా కోడలండీ. పెద్ద జబ్బు చేసింది. ఇప్పుడు బాగానే ఉంది."

సొఫాల్ ఖ్మేర్‌లో చెప్పక ముందే ముసలావిడ నన్ను భుజం పట్టి చాప ముందు కూర్చోబెట్టింది. గిన్నె నిండా ముంచి నా నెత్తిన పోసింది. చల్లటి నీళ్ళు. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఇంకో గిన్నె, ఇంకోటి. ఏదో మంత్రం లాంటిది గొణుగుతూనే ఉంది. నా జేబులో ఫోనుంది, నడుముకు పాస్‌పోర్టుల సంచీ ఉంది, ఆపమని చెప్పాలనుకుంటూనే ఉన్నాను, నోరు తెరిస్తే నీళ్ళు. తలెత్తి చూస్తే అత్తయ్య చేతులు జోడించి నిలబడి ఉన్నారు, ఆపమని ఒక్క మాట అనకుండా.

అయిపోయాక అత్తయ్యే కొంగుతో నా తల తుడిచారు. చిన్నపిల్లల తల తుడిచినట్టు, చెవుల వెనక కూడా. జుట్టు ఊడినప్పటి నుంచీ ఆవిడ నా తల మీద చెయ్యి వేయలేదు. భయపడి వేయలేదని అప్పుడు అర్థమైంది, ఇప్పుడు కూడా గట్టిగా నొక్కకుండా అద్దుతున్నారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఎలాగూ మొహమంతా నీళ్ళే, ఎవరూ కనిపెట్టలేదు.

వెనక జనం తోసుకొస్తున్నారు. సొఫాల్ మమ్మల్ని మెల్లగా పక్కకు తప్పించి, అత్తయ్య బూట్లు తనే చేత్తో పట్టుకుని జలపాతం వైపు నడిపించాడు.

జలపాతం పైన

జలపాతం అందంగానే ఉంది. కిందికి దిగే మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఆశ పెట్టుకోకండి. గ్యారీ, లిన్ దిగి, డార్విన్‌లోలా మొసళ్ళు లేని జలపాతంలో స్నానం ఎంత సుఖమో అని చెప్పుకుంటూ ఎక్కి వచ్చారు. మేమిద్దరం పైన బెంచీ మీద కూర్చున్నాం. కొండ దిగే వేళ అయ్యేదాకా ఎలాగూ ఎక్కడికీ కదలలేం. ఎర్ర అరటిపళ్ళు కొనిపెట్టాను. నా ఫోను బతికే ఉంది, పాస్‌పోర్టులు అంచులు ఉబ్బాయి.

అప్పుడు గుర్తొచ్చింది. లింగాల మీద నేను చుక్క నీళ్ళు పోయలేదు.

ఇంత దూరం వచ్చి, ఇన్ని బూట్లు విప్పి, అసలు పనే మర్చిపోయాం. దిగ్గున లేచాను. పదండి అత్తయ్యా, దగ్గరే కదా, టైముంది, ఆ గిన్నె అడిగి నేనే పోసి వస్తాను అన్నాను. ఆవిడ అరటిపండు తొక్క తీస్తున్నారు.

"ఇవాళ్టికి చాల్లే, కూర్చో."

"మరి మొక్కు?"

"సగం తీరింది. నీళ్ళు ముట్టాయిగా. పొయ్యడం ఉండిపోయింది. అది వచ్చే కార్తీకంలో వచ్చి పోద్దువుగాని."

మూడు రోజుల చిరాకంతా మళ్ళీ నెత్తికెక్కింది. మొక్కు మెడ మీద పెట్టుకుని స్కాన్‌కి వెళ్ళకూడదన్నది మీరే కదా అని అడిగాను. అప్పుడట్టా అన్నాను, ఇప్పుడిట్టా అంటున్నా అన్నారు. మళ్ళీ ఇంత దూరం ఎవరొస్తారు, లీవు ఎవరిస్తారు, టికెట్లు ఎవరు కొంటారు అని నేను ఒక్కొక్కటీ అడుగుతుంటే, ఆవిడ పండు సగం తుంచి నా చేతిలో పెట్టారు.

"నువ్వే వస్తావు. పొయ్యాల్సింది నువ్వేగా. వచ్చే ఏటికి నువ్వుండి తీర్చాల్సిన పని ఒకటి ఉండనీ, మాధవీ."



దిగే వేళకు నేను వంగబోతుంటే గ్యారీ నన్ను పక్కకు జరిపి, తడి నిక్కరుతోనే అత్తయ్య ముందు నేల మీద కూర్చున్నాడు. లేసులు గట్టిగా, రెండు ముడులు వేసి కట్టాడు. అత్తయ్య తనకంటే పదేళ్ళు చిన్నవాడైన ఆ ముసలాయన బట్టతల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండు నాయనా అన్నారు. ఏమన్నారని అతను నన్నడిగాడు. నో వర్రీస్ అన్నారని చెప్పాను.

క్లైడ్ నార్త్

వెళ్ళేవాళ్ళకు నా సలహా ఏమిటంటే, గంగను పెద్ద పెట్టెలో పెట్టండి. పెద్దవాళ్ళకు లేసుల్లేని బూట్లు కొనండి, మేం వచ్చిన వారంలోనే కొన్నాం. అంగ్‌కోర్ వాట్‌లో ఎటు తిరగాలో ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరండి.

మావాడి పరీక్షలు బాగానే జరిగాయట. తాటి బెల్లంతో అత్తయ్య పరమాన్నం వండారు. మా మేనేజరు నా లీవు చూసి, ఇంకో ఏడాది ఉంది కదా, ఇప్పటి నుంచే ఎందుకని అడిగాడు. ఫ్యామిలీ కమిట్‌మెంట్ అని చెప్పాను.

స్కాన్ అయింది. రిపోర్టు ఇంకా రాలేదు. లీవు మాత్రం వచ్చే కార్తీకానికి పెట్టేశాను.